తల్లిలాంటి ప్రభుత్వం

జూన్ 25 వచ్చిందంటే అందరికీ చరిత్ర గుర్తుకొస్తుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆ రోజును ఏటా 'రాజ్యాంగ హత్యా దినం'గా పాటించాలని గెజిట్‌లో ప్రకటించింది కాబట్టి, రాకపోయినా గుర్తు చేసుకోవాల్సిందే. 2025లో ఎమర్జెన్సీకి యాభై ఏళ్ళు నిండాయి. సభలు జరిగాయి, అప్పట్లో జైలుకెళ్ళిన పెద్దలకు శాలువాలు కప్పారు. వేదికల మీద ఒకటే మాట: చరిత్ర నుంచి పాఠం నేర్చుకోవాలి.

నేర్చుకోవాలి, సరే. ఇప్పటిదాకా ఎవరు నేర్చుకున్నారు, ఏం నేర్చుకున్నారు అన్న దగ్గరే నాకు పేచీ. ఎమర్జెన్సీ నుంచి అందరికంటే శ్రద్ధగా పాఠాలు నేర్చుకున్నవి ప్రభుత్వాలే. ఏ పార్టీ ప్రభుత్వమన్నది ఇక్కడ పెద్ద తేడా కాదు. ఎమర్జెన్సీలో చేసిన పనుల్ని ఎమర్జెన్సీ ప్రకటించకుండా ఎలా చేయొచ్చో అవి నేర్చుకున్నాయి. మనం తేదీలు నేర్చుకున్నాం.

మనకి అందిన ఎమర్జెన్సీ కథ చూడండి. అధికార దాహం ఉన్న ఒక స్త్రీ, ఆమె కొడుకు, అర్ధరాత్రి ఒక సంతకం, ఇరవై ఒక్క నెలల చీకటి, జైళ్ళలో మహానాయకులు, చివరికి ఎన్నికలు, వెలుగు. ఈ కథలో స్త్రీ ఒక్కచోటే ఉంటుంది, ప్రధానమంత్రి కుర్చీలో. జైలు గదిలో ఉండదు. జైలు గేటు ముందు ములాఖత్ కోసం నిలబడ్డ వరసలో ఉండదు. ఆపరేషన్ బల్ల మీద ఉండదు. జరిగిందంతా ఒక ఆడమనిషి స్వభావం వల్లే అనుకోవడంలో గొప్ప హాయి ఉంది. ఆమె ఓడిపోగానే గండం గడిచినట్టే, ఇక చట్టాల పుస్తకం తెరవాల్సిన పని లేదు. ఇందిరాగాంధీని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఆమెకి ఆ పని అంత సులువుగా ఎలా సాధ్యమైంది, ఆమె వెళ్ళాక అందులో ఎంత మిగిలిపోయింది అన్నది నా ప్రశ్న.

1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన జబల్‌పూర్ తీర్పు గురించి మనలో చాలామందికి తెలుసు. మీసా కింద తనని అక్రమంగా నిర్బంధించారని హెబియస్ కార్పస్ వేసుకునే హక్కు ఎమర్జెన్సీలో ఎవరికీ లేదని అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తేల్చారు. పోలీసు అధికారి ఒకడు సొంత పగతో మనిషిని చంపేసినా కోర్టుకి రాకూడదా అని వాదనల్లో జస్టిస్ ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేని అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం రాకూడదన్నదే జవాబు. ఖన్నా ఒక్కరే ఆ తీర్పుతో విభేదించారు. మరుసటి జనవరిలో ఆయన్ని దాటించి, ఆయనకంటే జూనియర్ అయిన బేగ్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు. ఇదంతా లా కాలేజీల్లో చెప్పేదే.

నన్ను పట్టుకుని వదలనిది ఆ బేగ్ గారి తీర్పులోనే ఉన్న ఒక మాట. డిటెన్యూలకు మంచి వసతి, మంచి తిండి, మంచి మర్యాద దొరుకుతున్నాయట. వాళ్ళ బాగోగుల మీద ప్రభుత్వాధికారులు చూపిస్తున్న శ్రద్ధ దాదాపు తల్లి చూపించే శ్రద్ధలాంటిదట. దేశంలో లక్షా పదివేల మందిని మీసా, డి.ఐ.ఆర్.ల కింద మూసేసిన కాలంలో, మనిషి తన స్వేచ్ఛ కోసం కోర్టు తలుపు తట్టకూడదని తేల్చే తీర్పులో, ఒక న్యాయమూర్తికి అమ్మ గుర్తుకొచ్చింది. సాహిత్యం చదువుకున్నవాళ్ళం, పోలిక ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా ఉండలేం. నాన్న అనొచ్చు కదా, అనలేదు. నాన్న గదిలో పెట్టి గడియపెడితే అది శిక్ష అని అందరికీ తెలుస్తుంది. అమ్మ పెడితే అది ప్రేమ. అప్పీలు లేదు.

ఆ తీర్పు వచ్చి వారం తిరక్కముందే, మే మొదట్లో, స్నేహలతా రెడ్డిని అరెస్టు చేసి బెంగుళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. తెలుగు సాహిత్య చరిత్రల్లో ఈమె కనిపిస్తే గిస్తే 'ఫిడేలు రాగాల డజన్' పఠాభి భార్యగా కనిపిస్తుంది. మద్రాస్ ప్లేయర్స్ నాటక సంస్థను మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరు. పఠాభి తీసిన 'సంస్కార' సినిమాలో చంద్రి. సోషలిస్టు, జార్జి ఫెర్నాండెజ్‌కి స్నేహితురాలు. బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి పట్టుకెళ్ళారు. చివరికి ఆ కేసులో వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా వదల్లేదు, మీసా ఉండగా చార్జిషీటు ఎందుకు? ఆమెకి తీవ్రమైన ఉబ్బసం. ఒక్క మనిషి పట్టే కొట్టు, మరుగుదొడ్డి పేరుతో ఒక మూల కంత. అదే జైల్లో ఉన్న మధు దండావతే, రాత్రి నిశ్శబ్దంలో ఆమె కేకలు తనకి వినిపించేవని తర్వాత రాశారు. ఆ ఊపిరితోనే ఆమె తోటి ఆడఖైదీల్ని కొట్టొద్దనీ, తినగలిగే తిండి పెట్టాలనీ జైలువాళ్ళతో పోట్లాడింది, డైరీ రాసింది. ఇక బతకదన్న స్థితికి వచ్చాక 1977 జనవరి 15న పెరోల్ మీద పంపారు. 18న ఎన్నికలు ప్రకటించారు. 20న ఆమె చనిపోయింది.

ఇదీ తల్లి ప్రేమ. బేగ్ గారి వాక్యాన్నీ స్నేహలత డైరీనీ ఒకే క్లాసులో పక్కపక్కన పెట్టి చదివించాలని నాకు చాలాకాలంగా ఉంది. మన సిలబస్‌లలో జైలు సాహిత్యం అంటే ఇప్పటికీ నాయకుల జ్ఞాపకాలే. లోపల ఎవరెవరు ఏం చదివారు, ఏం చర్చించుకున్నారు, బయటికొచ్చి ఏ పదవిలో కూర్చున్నారు. వాళ్ళ త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. వాళ్ళు బయటికొచ్చాక ఆ చట్టాల్ని ఏం చేశారో అడుగుతున్నాను.

అసలు ముందస్తు నిర్బంధం అంటే ఏమిటి? నువ్వు ఫలానా తప్పు చేశావు అని కాదు, చేస్తావేమో అని. దీని తర్కం అర్థం కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు, ఆడపిల్లగా పెరిగితే చాలు. నీమీద నమ్మకం లేక కాదు, లోకం మంచిది కాదు. నీ మంచికే. ఏదైనా జరిగాక ఏడిస్తే ఏం లాభం? నేను పీహెచ్‌డీ చేసిన చోట ఆడపిల్లల హాస్టల్‌కి రాత్రి తాళం పడేది, మగపిల్లల హాస్టల్ తెరిచే ఉండేది. లైబ్రరీ అర్ధరాత్రిదాకా పనిచేస్తుందని ప్రాస్పెక్టస్‌లో గొప్పగా రాసుకునేవాళ్ళు. పదిమందిమి వెళ్ళి అడిగితే వార్డెన్ మేడమ్, "మీ అమ్మలా చెబుతున్నానమ్మా, మీకే మంచిది" అంది. ఆ జవాబుకి ఎదురు జవాబు ఉండదని ఆమెకి తెలుసు. ఇల్లూ రాజ్యమూ ఒకటేనని నేను అనడం లేదు. రాజ్యానికి తుపాకులున్నాయి, జైళ్ళున్నాయి. తర్కం మాత్రం ఒకటే. కాబట్టే దీన్ని గుర్తుపట్టడంలో మనం అందరికంటే ముందుండాలి. ఉన్నామా?

ఒకప్పుడు ఒకామె ఉంది. 1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభ ముందస్తు నిర్బంధం గురించి చర్చిస్తున్నప్పుడు, అలా నిర్బంధించిన మనిషి సంపాదన మీద బతికే కుటుంబానికి జీవనభృతి ఇవ్వాలని పూర్ణిమా బెనర్జీ సవరణ అడిగింది. అరుణా అసఫ్ అలీ చెల్లెలు, తనూ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళి వచ్చిన మనిషి. నిర్బంధం జైలు గోడ దగ్గర ఆగదనీ, అది వంటింటిదాకా వస్తుందనీ ఆ సభలో ఆమె ఆలోచించింది. అది రాజ్యాంగంలోకి రాలేదు. ముందస్తు నిర్బంధం మాత్రం వచ్చింది, అదీ ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే, 22వ అధికరణంలో. మూడు నెలలదాకా సలహామండలికి కూడా చూపించకుండా మనిషిని లోపల ఉంచొచ్చు. రాజ్యాంగం అమల్లోకొచ్చి నెల తిరిగిందో లేదో 1950 నిర్బంధ చట్టం వచ్చేసింది. 1971లో మీసా వచ్చింది. అంటే ఇందిరాగాంధీ ఆ రాత్రి కొత్త ఆయుధమేదీ తయారుచేయలేదు. పాతికేళ్ళుగా అలమరలో ఉన్నదాన్నే తీసింది.

హెబియస్ కార్పస్ సంగతి మరీ విచిత్రం. మనిషిని చీకటి కొట్టులోంచి వెలుగులోకి తెచ్చే రిట్ అని దానికి పేరు. 2017 మే నెలలో కేరళ హైకోర్టు, తండ్రి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ మీదే, ఇరవై నాలుగేళ్ళ హాదియా పెళ్ళిని రద్దుచేసి ఆమెని తల్లిదండ్రుల అధీనంలోకి పంపింది. ఆ వయసు ఆడపిల్ల బలహీనురాలనీ, ఎవరైనా మోసం చేయగలరనీ కారణం చెప్పింది. మళ్ళీ అదే తర్కం, నీ మంచికే. సుప్రీంకోర్టు ఆ తీర్పుని 2018 మార్చి 8న కొట్టేసింది. ఆ మధ్యలో నెలల తరబడి ఆమె పుట్టింట్లో పోలీసు కాపలా మధ్య ఉంది. 1976లో స్వేచ్ఛకి పనికిరాదన్న రిట్, 2017లో ఒక స్త్రీని బంధించడానికి చక్కగా పనికొచ్చింది.

ఇక ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠాల సంగతి. ఎమర్జెన్సీ పోయాక జనతా ప్రభుత్వం మీసాని రద్దు చేసింది, 44వ సవరణ తెచ్చింది. జీవించే హక్కునీ వ్యక్తిగత స్వేచ్ఛనీ ఇక ఏ ఎమర్జెన్సీలోనూ సస్పెండ్ చేయకూడదంది. అంతర్గత కల్లోలం అన్న వంకతో ఎమర్జెన్సీ పెట్టకూడదంది. మంచి సవరణే. అందులో 3వ సెక్షన్ ఒకటుంది. ముందస్తు నిర్బంధంలో సలహామండలికి చూపించకుండా ఉంచే గడువుని మూడు నెలల నుంచి రెండు నెలలకి తగ్గించాలనీ, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీద వేయాలనీ అది చెబుతుంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం చేశారు. ప్రభుత్వం గెజిట్‌లో ఒక తేదీ ప్రకటిస్తే అమల్లోకి వస్తుంది. ఆ తేదీ ఇప్పటిదాకా రాలేదు. జనతా వాళ్ళు ప్రకటించలేదు, కాంగ్రెస్ ప్రకటించలేదు, ఫ్రంటులు ప్రకటించలేదు, బి.జె.పి. ప్రకటించలేదు. 1981లో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు, తేదీ ప్రకటించమని ప్రభుత్వాన్ని ఆదేశించలేనంది. రాజ్యాంగ హత్యా దినానికి గెజిట్ నోటిఫికేషన్ దొరికింది, రాజ్యాంగ సవరణకి దొరకలేదు.

మీసా పోయిన రెండేళ్ళకి 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. తర్వాత టాడా, పోటా. 2004లో పోటాని రద్దు చేస్తున్నామని చెబుతూనే అందులోని ముఖ్యమైన సెక్షన్లని 1967 నాటి ఉపా చట్టంలోకి మార్చారు. 2008లో దానికి బెయిలు దాదాపు అసాధ్యం చేసే 43డి(5) తగిలించారు. 2019లో సంస్థనే కాదు, విడి మనిషిని కూడా టెర్రరిస్టుగా ప్రకటించే అధికారం తీసుకున్నారు. మొదటి రెండూ కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రభుత్వం చేసినవి, మూడోది బి.జె.పి. ప్రభుత్వం చేసింది. ఒకరు వేసిన తాళానికి ఇంకొకరు గొళ్ళెం బిగించారు.

"ఇప్పటి పరిస్థితిని ఎమర్జెన్సీతో పోల్చడం అన్యాయం, కోర్టులు తెరిచే ఉన్నాయి కదా" అని సెమినార్లలో ఎవరో ఒకరు లేస్తారు. నిజమే, తెరిచే ఉన్నాయి. కోర్టు తలుపులు మూసేస్తే చరిత్రలో చెడ్డపేరు వస్తుందన్నదే ప్రభుత్వాలు నేర్చుకున్న మొదటి పాఠం. మూయక్కర్లేదు, తేదీలు ఇస్తే చాలు. విచారణ మొదలవదు, బెయిలు రాదు. ఏళ్ళు గడిచాక నిర్దోషి అని తీర్పు వస్తుంది, అప్పటికి జైలుశిక్ష పూర్తయి ఉంటుంది. అమలాపురంలో పుట్టి ఢిల్లీలో ఇంగ్లీషు చెప్పిన జి.ఎన్. సాయిబాబాను 2014లో అరెస్టు చేశారు. చక్రాల కుర్చీలో ఉండే మనిషి. 2020లో తల్లి చనిపోతే ఆఖరిచూపుకి పెరోల్ ఇవ్వలేదు. నిర్దోషి అని 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు చెప్పింది, అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చనిపోయాడు. తల్లిలాంటి ప్రభుత్వం ఒక తల్లి శవాన్ని చూడనివ్వలేదు.

హాస్టల్ తాళాల గురించి 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో కదిలినప్పుడు మన దగ్గర కొందరు పెద్దవాళ్ళు నవ్వారు, ఇదీ ఒక సమస్యేనా అని. ఆ బృందంలోని నటాషా నర్వాల్, దేవాంగనా కలిత 2020 మేలో అరెస్టయి ఉపా కింద ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. నటాషా తండ్రి 2021 మేలో కోవిడ్‌తో పోతే ఆమె వచ్చింది అంత్యక్రియలకే. తర్వాతి నెలలో ఢిల్లీ హైకోర్టు ఇద్దరికీ బెయిలిచ్చింది. హాస్టల్ గేటు నుంచి తీహార్ గేటుకి ఎంత దూరమో ఆ పిల్లలకి మనకంటే బాగా తెలుసు. 2018 ఆగస్టులో వరవరరావు ఇంటితో పాటు ఆయన అల్లుడు, ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంటినీ సోదా చేశారు. నీ భర్త దళితుడు కాబట్టి సంప్రదాయాలు పాటించడు, నువ్వు బ్రాహ్మణ స్త్రీవి కదా, నగలూ సిందూరం ఎందుకు పెట్టుకోలేదని తన భార్యని పోలీసులు అడిగారని ఆయన పత్రికలకు చెప్పారు. సోదా వారెంటులో ఆ ప్రశ్న ఉండదు. అయినా అడిగేవాళ్ళకి అది తమ పరిధిలోదే అనిపించింది. అత్తగారు అడిగే ప్రశ్న రాజ్యం అడుగుతోంది.

రెండో పాఠం మన ఒంటి మీద నేర్చుకున్నారు. 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందులో 62 లక్షల దాకా మగవాళ్ళకి చేసినవి. ప్రభుత్వం కూలిపోవడానికి అదొక పెద్ద కారణమని అందరూ ఒప్పుకుంటారు. దాన్నుంచి ఏం నేర్చుకోవాలి? మనుషుల శరీరాల మీద టార్గెట్లు పెట్టకూడదని. ఏం నేర్చుకున్నారు? మగవాళ్ళ జోలికి పోకూడదని. 1977లో కుటుంబ నియంత్రణ శాఖ పేరు కుటుంబ సంక్షేమం అయింది, కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆపరేషన్ చేయించుకున్నది ఆడవాళ్ళలో 37.9 శాతం, మగవాళ్ళలో 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో మూడింట రెండొంతులు దాటారు. 2014 నవంబర్‌లో బిలాస్‌పూర్ జిల్లా క్యాంపుల్లో 13 మంది స్త్రీలు చనిపోయారు. ఒక్క క్యాంపులో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్ చేశాడు. ఈ క్యాంపులు మూడేళ్ళలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి చేశారు, నలుగురు చనిపోయారు. ఎమర్జెన్సీ అత్యాచారాల జాబితాలో తుర్క్‌మన్ గేట్ ఉంటుంది, ఉండాలి కూడా. ఆ తర్వాత యాభై ఏళ్ళుగా జరిగింది మాత్రం పథకాల జాబితాలో ఉంది.

మన రాష్ట్రాల దగ్గరికి వస్తే ఒక అంకె నాకెప్పుడూ మింగుడుపడదు. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాది అంతా ఇందిరాగాంధీని ఊడ్చేస్తే, ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కి ఇచ్చింది. ఇక్కడ నిర్బంధం లేదనా? గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని కాల్చి చంపింది 1975 జూలైలో. భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీసింది 1975 డిసెంబర్ 1న. విరసం రచయితల మీద సికింద్రాబాద్ కుట్రకేసు అంతకు ముందే, 1974లో పెట్టారు. శ్రీకాకుళం కొండల్లో ఎమర్జెన్సీ అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మొదలైంది, దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఎమర్జెన్సీని ఇరవై ఒక్క నెలలుగా కొలిచేవాళ్ళకి ఈ భూభాగం అర్థం కాదు.

తెలుగు నేల మీద స్త్రీల ఉద్యమం కూడా అక్కడినుంచే వచ్చింది. 1978 మార్చి, ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాది. హైదరాబాద్ నల్లకుంట పోలీస్‌స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది. ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని చెప్పింది. రాయచూరు కోర్టు 1981లో వాళ్ళని వదిలేసింది. రాజ్యం చేతిలోంచి స్త్రీని కాపాడుకోవడం ఎలా అన్న ప్రశ్నతో మనం మొదలయ్యాం. అదే హైదరాబాద్‌లో నలభై ఒక్క ఏళ్ళ తర్వాత, 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున, ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య కేసులో పట్టుకొచ్చిన నలుగుర్ని చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. రచయిత్రులు కొందరు అభినందన కవితలు రాశారు.

ఆ అమ్మాయికి జరిగిన ఘోరం గురించి ఎవరికీ రెండో మాట లేదు. "నీ ఇంట్లో పిల్లకైతే ఇలా మాట్లాడతావా" అని నన్నూ అడిగారు. నా ఇంట్లో పిల్లకైతే నేను ఏమైనా మాట్లాడతాను, నా దుఃఖం చట్టం కాదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది మీద హత్యానేరం కింద విచారణ జరపాలనీ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఒకడి భార్య అప్పుడు గర్భిణి. ఆ పూల కింద ఆమె ఎక్కడుంది? అంతకంటే పెద్ద విషయం, ఆ నలుగురిలో ఎవరు ఏం చేశారో ఇక ఏ కోర్టూ తేల్చలేదు. చచ్చిపోయిన అమ్మాయికి దక్కాల్సిన విచారణనే పోలీసులు చంపేశారు. వారం రోజుల్లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, 21 రోజుల్లో తీర్పు, ఉరి అంటూ దిశ బిల్లు పాస్ చేసింది. విచారణ లేకుండా మనిషిని చంపొచ్చా అన్నది జబల్‌పూర్ కేసులో ఖన్నా అడిగిన ప్రశ్న. 1976లో దానికి అవునని చెప్పడానికి ఎమర్జెన్సీ కావాల్సి వచ్చింది. 2019లో మన పేరు చాలింది.

ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠాల్లో ఇది అన్నిటికంటే తెలివైనది. స్త్రీల రక్షణ అంటే ఎవరూ కాదనలేరు. షీ టీముల నుంచి కెమెరాల దాకా, మతాంతర వివాహాల మీద ఉత్తరాది రాష్ట్రాలు తెచ్చిన చట్టాల దాకా, అన్నీ మనల్ని కాపాడటానికే. చట్టం వద్దని నేను అనడం లేదు. గృహహింస చట్టం, పని చోట లైంగిక వేధింపుల చట్టం మనం కొట్లాడి తెచ్చుకున్నవి. అవి స్త్రీ చేతికి హక్కు ఇస్తాయి. పోలీసు చేతికి, ఏమీ చేయని మనిషిని కూడా లోపలేసే అధికారం ఇచ్చే చట్టం వేరు. ఈ రెండిటినీ స్త్రీల చట్టాలు అని ఒకే గాటన కట్టడం మనం మానుకోవాలి. మన సంఘాల తీర్మానాల్లో 'కఠినమైన చట్టాలు తేవాలి' అని రాసే అలవాటు ఒకటుంది. ఎవరి మీద కఠినం, ఎవరి చేతిలో కఠినం అని అడక్కుండా ఇక ఆ వాక్యం మీద నేను సంతకం పెట్టను.

ఇక్కడ పి.డి. యాక్టు సంగతి ఎందుకో మన పత్రికల్లో చర్చకే రాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం. సారా అమ్మేవాళ్ళు, దొంగలు, గూండాలు, వ్యభిచార నేరస్తులు, భూకబ్జాదారులు అని జాబితా. విచారణ లేకుండా ఏడాదిదాకా లోపల ఉంచొచ్చు. తెలంగాణ దాన్ని ఉంచుకుని జాబితా పెంచింది. బెయిలు వచ్చినవాడు జైలు గేటు దాటకముందే ఇంకో నిర్బంధపు ఉత్తర్వు చేతిలో పెట్టడం మామూలైపోయింది. సుప్రీంకోర్టు మళ్ళీమళ్ళీ మందలించింది. 2023 సెప్టెంబర్‌లో, దేశం 75 ఏళ్ళ స్వాతంత్ర్యం జరుపుకుంటుంటే తెలంగాణ పోలీసులు కొందరు పౌరుల స్వేచ్ఛని పట్టించుకోవడం లేదని బాధగానే రాసింది. వీళ్ళెవరూ కవులు కాదు, ప్రొఫెసర్లు కాదు. ఎక్కువమంది బస్తీల వాళ్ళు, తండాల వాళ్ళు. వాళ్ళ కోసం సంతకాల సేకరణ జరగదు.

ఆ కేసుల పేర్లు చూడండి. 2021లో బంక స్నేహశీల, తెలంగాణ ప్రభుత్వం మీద. 2023లో అమీనా బేగం. 2024లో నేనావత్ బుజ్జి. తమిళనాడులో 2011 నాటి ముఖ్యమైన తీర్పు రేఖ అనే ఆమెది. అంతకు ముందు 1980లో ఇచ్చుదేవి చొరారియా, కొడుకు కోసం. భారతదేశంలో వ్యక్తి స్వేచ్ఛ గురించిన న్యాయశాస్త్రంలో ఇంత భాగం ఆడవాళ్ళ పేర్లతో ఉంది, ఎందుకంటే లోపల ఉన్నవాడి కోసం వకాల్తా మీద సంతకం పెట్టి, వకీలు చుట్టూ తిరిగి, ఫీజు కోసం పుస్తెలు తాకట్టు పెట్టుకునేది వీళ్ళే కాబట్టి. జీవనభృతి గురించి పూర్ణిమా బెనర్జీ అడిగిన ప్రశ్నకి జవాబులు వీళ్ళ దగ్గరున్నాయి. రాజ్యాంగం మీద పుస్తకాలు రాసేవాళ్ళు వీళ్ళని కేసు పేరుగా ఉదహరిస్తారు, మనుషులుగా కాదు. జైలు సాహిత్యం మీద పరిశోధన చేయిస్తున్న మిత్రులు ఎవరైనా ఒక విద్యార్థికి ఈ అంశం ఇవ్వొచ్చు. పిటిషన్‌తో పాటు ప్రతి ఒక్కరూ ఒక అఫిడవిట్ వేసి ఉంటారు. ఏ రోజు ఎంతమంది పోలీసులు వచ్చారో, ఇంట్లో ఎవరెవరున్నారో, ఏం చెప్పి తీసుకెళ్ళారో అందులో రాస్తారు. చివర సంతకమో వేలిముద్రో ఉంటుంది.